సెల్‌ఫోను సోదాకు చట్టము గీచిన గీటు



నిజాము రాజ్యమున "కరోడ్‌గిరీ" యను శాఖ యొకటి యుండెను. దానిని కన్నులార చూచినవారు మీలో నేడు అరుదుగా నుందురు గాని, తండ్రుల నోట తాతల నోట విన్నవారు పలువురుందురు. అది నాటి సుంకముల శాఖ. బెజవాడ వైపునుండి గాని షోలాపురము వైపునుండి గాని సరకు తెచ్చువాడు పొలిమేర దాటునపుడు మూట విప్పి చూపవలసినదే. చూపి, సుంకము కట్టి, రసీదు పుచ్చుకొని తన దారిని తాను పోవలసినదే. హైదరాబాదు భారత యూనియనులో చేరిన పిమ్మట ఆ సుంకములు క్రమముగా రద్దయినవి. ఆ శాఖవారిని గూర్చి జనులు చెప్పుకొన్న మాటలలో ప్రశంసలు తక్కువ. అయినను ఆ సోదాకు సహజముగనే ఒక మేర యుండెడిది. మూటలో చీర యున్నచో చీర కనబడును, నేతిడబ్బా యున్నచో డబ్బా కనబడును. అంతటితో సరి. ఆ ప్రయాణికుడు గడచిన నెలలో భార్యతో నేమి మాటలాడెనో, ఎవరికెంత బాకీ యున్నాడో, వైద్యుడు వానికే రోగము గలదని చెప్పెనో, ఏ సభకు పోయి ఎవరి ప్రక్కన కూర్చుండెనో ఆ మూటలో దొరకునవి గావు.

నేడు ప్రతివాని జేబులోను ఇవి యన్నియు నున్నవి. సెల్‌ఫోనును మనము మాటలాడు యంత్రమని వాడుకగా ననుచున్నాము గాని, నిజమునకది ఉత్తరముల పెట్టె, బ్యాంకు పుస్తకము, కుటుంబపు ఛాయాచిత్రముల సంచయము, దినచర్య, ఇంటి బీరువా తాళపుచెవి, అన్నియు ఒక అరచేతిలో నిమిడిన వస్తువు. కావుననే నేటి ప్రసంగమున ఒక ప్రశ్నను మీ యెదుట పెట్టుచున్నాను. దేశపు గడప దాటువాని ఫోనును తెఱచి చూచుటకు సర్కారు అధికారికి చట్టమెంతవఱకు హక్కునిచ్చినది? ఎచ్చట వలదన్నది?

ఇది పట్టణవాసుల గొడవ యని మీరు తలంపరాదు. కరీంనగరము, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతముల పల్లెలనుండి దుబాయికిని, సౌదీకిని, కువైటుకును పోయిన బిడ్డలెందరో యున్నారు. హైదరాబాదు పాతబస్తీ సంగతి చెప్పనక్కఱయే లేదు. చాంద్రాయణగుట్ట దగ్గఱి బార్కాసులో నిజాము సైన్యమున కొలువు చేయుటకై యెమెన్ దేశపు హద్రమౌత్ సీమనుండి వచ్చిన అరబ్బుల సంతతివారు నేటికిని నివసించుచున్నారు. ఆ వీథులకును గల్ఫు దేశములకును రాకపోకలు ఎన్నడును తెగలేదు. కృష్ణా గుంటూరు మండలములనుండి, తెలంగాణ జిల్లాలనుండి అమెరికాకు చదువుకొనబోయిన పిల్లల సంఖ్య మీకే తెలియును. వీరందఱును చార్మినారుకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న శంషాబాదు విమానాశ్రయపు గడప త్రొక్కవలసినవారే. 2008 మార్చిలో అది తెఱచినప్పటినుండి మనకు దేశపు సరిహద్దు అచ్చటనే యున్నది. సముద్రము లేని మన తెలంగాణకు పొలిమేర ఆకాశమునుండి దిగివచ్చినది.

ఆ గడపవద్ద ఇరువురు వేర్వేఱు అధికారులు ప్రయాణికునికి ఎదురగుదురు. పాస్‌పోర్టు చూచి ముద్రవేయువాడు ఇమిగ్రేషను అధికారి. సామాను చూచువాడు కస్టమ్సు అధికారి. పెక్కుమంది వీరినిద్దఱిని ఒకే శాఖవారిగా భావించి పొరపడుదురు. వస్తువును వెదకు అధికారము ముఖ్యముగా రెండవవానిది. ఆ యధికారమునకు మూలము 1962 నాటి కస్టమ్సు చట్టము. ఆ చట్టములోని కొన్ని సెక్షనులు తెలిసియుండుట మేలు. కాస్త యోపికతో వినుడు.

దేశములోనికి వచ్చుచున్నవానిని గాని, పోవుచున్నవానిని గాని సోదా చేయు అధికారము 100వ సెక్షనులో నున్నది. అయితే అది ఊరక పుట్టు అధికారము గాదు. జప్తు చేయదగిన సరకును గాని, దానికి సంబంధించిన పత్రములను గాని ఆ మనుష్యుడు ఒడలిపై దాచియున్నాడని నమ్ముటకు అధికారికి కారణముండవలెను. "నమ్ముటకు కారణము" అను ఈ చిన్న మాటలోనే చట్టపు ప్రాణమంతయు నున్నది. "నాకు తోచినది" యనుటకును "నమ్ముటకు కారణమున్నది" యనుటకును ఎంత భేదమున్నదో, పంచాయతీలు తీర్చిన మీకు నేను విప్పి చెప్పనేల?

102వ సెక్షను ఇంకను గొప్పది. ఇది ప్రయాణికుని కొఱకు వ్రాయబడినది. సోదాకు గుఱియగుచున్నవాడు "నన్ను గెజిటెడ్ అధికారి యెదుటికి గాని, మేజిస్ట్రేటు నెదుటికి గాని తీసికొనిపొండు" అని కోరినచో, వ్యర్థమైన జాగు లేకుండ తీసికొనిపోవలెను. ఆ పై యధికారికి సోదాకు తగిన కారణము కనబడనిచో అక్కడికక్కడే వానిని విడిచిపెట్టవలెను. సోదాకు పూర్వము ఇద్దఱు లేక అంతకు మించి సాక్షులను పిలువవలెను. దొరకిన ప్రతి వస్తువునకును జాబితా వ్రాసి సాక్షులచే సంతకము చేయింపవలెను. స్త్రీని స్త్రీయే సోదా చేయవలెను, మఱెవ్వరును చేయరాదు. ఈ చివరి నియమమును మన యాడబిడ్డలకు, బుర్ఖా ధరించువారైనను చీర ధరించువారైనను, ముందుగా చెప్పి పంపుట మంచిది.

అధికారి ఈ నియమములను త్రోసిరాజని కారణము లేకుండ మనుష్యుని సోదాకు గుఱిచేసినచో ఏమగును? అదే చట్టములోని 136వ సెక్షను చెప్పుచున్నది: ఆఱు నెలలవఱకు కారాగారము, లేక వేయి రూపాయలవఱకు జరిమానా, లేక రెండును. వేయి రూపాయలు నేడొక లెక్కగాదు, నిజమే. మఱియు సద్బుద్ధితో చేసిన పనికి అధికారికి రక్షణ కలదని చట్టమే వేఱొకచోట చెప్పుచున్నది. కావున ఈ సెక్షను క్రింద శిక్షపడుట సులభమని నేననను. అయినను సోదా చేయువాడును నేరస్థుడు కావచ్చునని శాసనకర్తలు 1962లోనే తలంచిరన్న సంగతి గమనింపదగినది.

ఇప్పుడు అసలు చిక్కునకు వచ్చుచున్నాను. ఈ సెక్షనులలో నెచ్చటను ఫోనులోని మాటలను చదువవచ్చునని లేదు, చదువరాదనియు లేదు. 1962లో శాసనకర్తల కన్నుల ముందున్నది చెప్పు అడుగున దాచిన బంగారపు కడ్డీ, పెట్టె అడుగున కుట్టిన గడియారము. ఫోను ఒక వస్తువుగా సరకే. ఎక్కువ సంఖ్యలో తెచ్చినచో సుంకము పడును. కొన్ని జాతుల ఫోనులు అసలే నిషిద్ధములు. ఉపగ్రహముతో నేరుగా మాటలాడు థురాయా, ఇరిడియము ఫోనులను అనుమతి లేక మన దేశములోనికి తెచ్చుట నేరము. తెలియక తెచ్చి చిక్కుపడిన విదేశీయులు కలరు. ఈ నిషేధమునకు ఆధారముగా నుండిన శాసనములలో 1933 నాటి వైర్‌లెస్ చట్టమొకటి. ఆ చట్టము పుణ్యముననే ఒకప్పుడు మన యిండ్లలోని రేడియోకు సైతము లైసెన్సు పుచ్చుకొని, తపాలా కచేరీలో ఏటేట రుసుము కట్టవలసి వచ్చెడిది. లైసెన్సు పుస్తకముపై బిళ్ళలంటించుకొన్న సంగతి మీలో కొందఱికి జ్ఞాపకముండును. రేడియో నింట నుంచుకొనుటకే సర్కారు అనుమతి కావలసిన కాలమున పుట్టినవారమై, నేడు ఫోనులోని మాటలకు రక్షణ కోరుచున్నాము!

వస్తువు మాట యట్లుండనిండు. దానిలోపలి సమాచారము సంగతి యేమి? అధికారులు రెండు సెక్షనులను ఆధారముగా చూపుదురు. 108వ సెక్షను ప్రకారము గెజిటెడ్ అధికారి విచారణ నిమిత్తము ఎవరినైనను రప్పించి, "పత్రమునో మఱే వస్తువునో" దాఖలు చేయుమని సమను ఈయవచ్చును. 110వ సెక్షను ప్రకారము విచారణకు పనికివచ్చు పత్రములను వస్తువులను స్వాధీనము చేసికొనవచ్చును. కంప్యూటరునుండి తీసిన ప్రతులను సాక్ష్యముగా గైకొను విధము 138సి సెక్షనులో నున్నది. ఈ మూటిని ముడివేసి, ఫోనును తెఱచు అధికారమును అల్లుకొనవచ్చును. బంగారపు దొంగరవాణా విషయమున అట్లే జరుగుచున్నది. బంగారము పట్టువడిన పిమ్మట దానిని పంపినవాడెవ్వడో, పుచ్చుకొనువాడెవ్వడో తెలిసికొనుటకు ఫోను చూడవలసివచ్చుట సహజము. నాకందు ఆక్షేపణ లేదు. అయితే ఏమియు పట్టువడకముందే, ఏ సమనును లేకయే, వరుసలో నిలిచిన వానిని "ఫోను తెఱువుము, వాట్సాపు చూపుము" అనుటకు ఈ సెక్షనులలో నేది ఆధారము? నాకు తెలిసినంతవఱకు చట్టమున ఆ మాట సూటిగా నెచ్చటను లేదు. చట్టము చెప్పనిచోట రాజ్యాంగము మాటలాడవలెను.

రాజ్యాంగము మాటలాడిన విధమునకు మన హైదరాబాదునుండియే ఒక గొప్ప యుదాహరణమున్నది. స్టాంపు కాగితములతో పని పడినవారికి ఇది త్వరగా బోధపడును. 1899 నాటి స్టాంపు చట్టములోని 73వ సెక్షనును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో సవరించినది. ఆ సవరణ ప్రకారము కలెక్టరు వ్రాతపూర్వకముగా నియమించిన "ఎవడైనను" బ్యాంకులోనికి గాని మఱొకచోటికి గాని పోయి, స్టాంపు సుంకము తక్కువ పడినదేమో చూచుటకు రిజిస్టరులను, పత్రములను తనిఖీ చేయవచ్చును, కావలసినచో పట్టుకొనిపోవచ్చును. కారణము వ్రాయవలసిన పని లేదు. ఖాతాదారునకు ముందుగా తెలుపవలసిన పని లేదు. పంపబడువాడు ఎట్టి హోదాగలవాడై యుండవలెనో గూడ లేదు. బ్యాంకులు హైకోర్టుకు పోయినవి. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసినది. ప్రభుత్వము సుప్రీము కోర్టునకు పోయినది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరులకును కెనరా బ్యాంకునకును నడచిన ఆ వ్యాజ్యెమున 2004 నవంబరులో సుప్రీము కోర్టు హైకోర్టు తీర్పునే స్థిరపఱచినది.

ఆ తీర్పులోని సారము మన ప్రశ్నకు నేరుగా సంబంధించినది. గోప్యత యనునది గోడలకు, గదులకు సంబంధించినది గాక మనుష్యునికి సంబంధించినదని న్యాయస్థానము చెప్పినది. నా దస్తావేజును నేను బ్యాంకులో నుంచినంత మాత్రమున అది వీథిలో పడవేసినట్లు కాదు. అది ఎవరి పెట్టెలో నున్నను నా గోప్యత దానిని వెన్నంటియే యుండును. దానిని చూడగోరు అధికారికి తగిన కారణముండవలెను, ఆ కారణము కాగితముపై కనబడవలెను. బ్యాంకు బీరువాలోని తనఖా పత్రమునకే ఇంతటి రక్షణ యున్నప్పుడు, జేబులోని ఫోనులోనున్న వేయి యుత్తరములకు అంతకంటె తక్కువ రక్షణ యుండునా?

ఈ సూత్రమునకు పూర్తి బలము 2017లో వచ్చినది. కర్ణాటక హైకోర్టున న్యాయమూర్తిగా పనిచేసి విరమించిన కె. ఎస్. పుట్టస్వామిగారు ఎనుబది దాటిన వయసున, 2012లో, ఆధారు పథకముపై సుప్రీము కోర్టున దావా వేసిరి. ఆ దావాలో పుట్టిన ప్రశ్నను తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము విని, 2017 ఆగస్టు 24వ తేదీన గోప్యత ప్రతి మనుష్యునకును రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కేయని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. అట్టి హక్కు లేదని పలికిన 1954 నాటి ఎం. పి. శర్మ తీర్పును, 1962 నాటి ఖరక్ సింగు తీర్పును ఆ మేరకు త్రోసివేసినది. సర్కారు ఈ హక్కులోనికి చేయి చాపవలెనన్నచో మూడు ప్రశ్నలకు జవాబు చెప్పవలెను. అట్లు చేయుటకు చట్టమున్నదా? ప్రయోజనము న్యాయమైనదా? పనికి తగినంతయే చేయుచున్నారా, లేక పిచ్చుకపై బ్రహ్మాస్త్రము వేయుచున్నారా? మొదటి ప్రశ్నకే జవాబు లేనిచో తక్కిన రెంటి వఱకు పోవలసిన పని లేదు.

ఇంతటి తీర్పు వచ్చిన నాలుగేండ్లకు పాతబస్తీలో జరిగినదేమో చూడుడు. 2021 అక్టోబరున రాష్ట్ర ప్రభుత్వము గంజాయిని నిర్మూలింపవలెనని గట్టిగా నాదేశించినది. ఆ నెలాఖరున పోలీసులు వీథులలో పోవువారినాపి, జేబులు తడవుటతో గూడ ఫోనులు తెఱపించి, వాట్సాపు సంభాషణలలో "గంజాయి" వంటి మాటలను వెదకుచున్న దృశ్యములు దేశమంతటను జనులు చూచిరి. అది సరిహద్దు గాదు. ఆగినవారు దేశము విడిచిపోవువారు గారు. పాలు కొనబోయినవాడు, పనినుండి ఇంటికి పోవువాడు. దక్షిణ మండలపు పోలీసు అధికారిని పత్రికలవారు ప్రశ్నింపగా, బలవంతమేమియు లేదనియు, జనులే సహకరించుచున్నారనియు, ఎవరును ఫిర్యాదు చేయలేదనియు సమాధానము వచ్చినది. హైదరాబాదువాసియగు ఒక పరిశోధకుడు ఇది చట్టవిరుద్ధమని పోలీసు కమిషనరుకు నోటీసు పంపెను.

ఆ సమాధానమును మనము తూచి చూడవలెను. సమ్మతించినవానిని సోదా చేయుట తప్పుగాదు, ఒప్పుకొందము. అయితే నడివీథిలో, రాత్రివేళ, లాఠీలు పట్టినవారు చుట్టును నిలిచి "ఫోను ఇటు తే" అన్నప్పుడు ఇచ్చినవాని సమ్మతి యెంతటిది? కాదనవచ్చునని వానికెవరైన చెప్పిరా? కాదన్నవాని గతి యేమగునో వాడెఱుగునా? మాదకద్రవ్యముల విషయమున 1985లో ప్రత్యేక చట్టమే యున్నది. బహిరంగస్థలమున ఒకనిని సోదా చేయవలెనన్నచో ఆ యొకని విషయమున నమ్ముటకు కారణముండవలెనని దాని 43వ సెక్షను చెప్పుచున్నది. ఒడలి సోదాకు ముందు గెజిటెడ్ అధికారి యెదుటికి గాని మేజిస్ట్రేటు నెదుటికి గాని పోవు హక్కు దాని 50వ సెక్షనులో గలదు. ఆ హక్కున్నదని సోదాకు గుఱియైనవానికి అధికారియే తెలుపవలెనని 1999లోను, 2010లోను సుప్రీము కోర్టు రాజ్యాంగ ధర్మాసనములు స్పష్టపఱచినవి. ఒక వీథి వీథిని అనుమానించుట ఏ సెక్షనులోను లేదు. గంజాయి దుష్టవస్తువే. దానిని అమ్మువాని ఫోను న్యాయస్థానపు అనుమతితో తెఱచుట ధర్మమే. ఆ కారణమున వీథిలో నడచు ప్రతివాని కుటుంబపు మాటలును చదువవచ్చునన్నచో, శంషాబాదు గడపవద్ద కస్టమ్సువారికి చట్టమియ్యని యధికారము పాతబస్తీ కూడలిలో పోలీసువారికి దక్కినట్లయినది.

ఇంక సంకేతపదము మాట. దీనినే పాస్‌వర్డు అందురు. "ఫోను తీసికొనుడు, పాస్‌వర్డు మాత్రము చెప్పను" అనవచ్చునా? రాజ్యాంగపు 20వ అధికరణములోని మూడవ ఖండము ప్రకారము నేరారోపణ పొందినవానిని తనకు తానే విరోధముగ సాక్ష్యమిమ్మని నిర్బంధింపరాదు. 1961లో పదునొకండుగురు న్యాయమూర్తులు కాఠీ కాలు వ్యాజ్యెమున వ్రేలిముద్ర, చేవ్రాత ఇచ్చుట అట్టి సాక్ష్యము గాదనిరి. అవి ఒడలికి సంబంధించిన గుఱుతులు, మనస్సులోని యెఱుకను బయటపెట్టునవి గావు. 2010లో సెల్వీ వ్యాజ్యెమున మత్తుమందిచ్చి మాటలు రాబట్టు నార్కో పరీక్షను ఇష్టము లేనివానికి చేయరాదనిరి. పాస్‌వర్డు ఈ రెంటిలో దేనికి చుట్టము? అది మనస్సులో నుండునది గదా! 2021 మార్చిలో కర్ణాటక హైకోర్టు, పాస్‌వర్డు చెప్పుట తనకు విరోధమగు సాక్ష్యము గాదని తలంచినది. అయితే చెప్పనివానినుండి పొందుటకు పోలీసులు న్యాయస్థానపు టుత్తరువునకు పోవలెనని దారి చూపినది. 2022 అక్టోబరులో ఢిల్లీలోని సి.బి.ఐ. ప్రత్యేక న్యాయస్థానము ఇందుకు భిన్నముగా, నిందితుని పాస్‌వర్డు చెప్పుమని నిర్బంధింపరాదనెను. ఈ తీర్పులలో నేదియు మన తెలంగాణ హైకోర్టును కట్టివేయునది గాదు. ఒక చిత్రమైన ఫలితము మాత్రము గమనింపుడు. వ్రేలు తాకించి తెఱచు ఫోను గలవాడు వ్రేలిముద్ర యిచ్చినట్లు లెక్కకు వచ్చును. అంకెలు నొక్కి తెఱచువాడు మనస్సులోని మాట చెప్పినట్లు లెక్కకు వచ్చును. సౌకర్యము కోరి వ్రేలిని తాళపుచెవిగా చేసికొన్న పిల్లలకు ఈ భేదము తెలియదు.

కస్టమ్సు అధికారి యెదుట ఇంకొక జాగ్రత్త అవసరము. పోలీసు అధికారి యెదుట చేసిన నేరాంగీకారము సాక్ష్యముగా చెల్లదని జనులు విన్నారు. కస్టమ్సు అధికారి పోలీసు అధికారి గాడని 1968లోనే సుప్రీము కోర్టు రమేశ్ చంద్ర మెహతా వ్యాజ్యెమున చెప్పియున్నది. కావున 108వ సెక్షను క్రింద వానియెదుట వ్రాసి సంతకము చేసిన వాఙ్మూలము న్యాయస్థానమున మన మీదికే రావచ్చును. చదువక సంతకము చేయరాదన్న మాట పాత్రోనోటుకెంత నిజమో దీనికి అంతకు నూఱు రెట్లు నిజము. అయినను అరెస్టు చేయునప్పుడు కారణములు తెలుపుట మొదలైన రక్షణలు కస్టమ్సువారికిని వర్తించునని 2025 ఫిబ్రవరిలో సుప్రీము కోర్టు చెప్పినది.

మన గడప దాటిన పిమ్మట మన చట్టము వెంటరాదు. చేరిన దేశపు చట్టమే శిరోధార్యము. అమెరికాలో 2014లో రైలీ వ్యాజ్యెమున, అరెస్టయినవాని ఫోనునైనను వారంటు లేక పోలీసులు తెఱువరాదని సుప్రీము కోర్టు ఏకగ్రీవముగా తీర్పునిచ్చినది. అదే అమెరికాలో సరిహద్దునందు మాత్రము వేఱొక న్యాయము. అచ్చటి సరిహద్దు శాఖ 2018 జనవరిలో తనకు తాను నియమములు వ్రాసికొన్నది. చేతితో త్రిప్పి చూచు సోదాకు అనుమానమే యక్కఱలేదు. యంత్రము తగిలించి ప్రతితీయు సోదాకు తగిన అనుమానము గాని, దేశభద్రతకు సంబంధించిన కారణము గాని ఉండవలెను, దానితోబాటు పై యధికారి అనుమతియు కావలెను. ఫోనులో నున్నదే చూడవలెను, దూరపు కంప్యూటరులలో నిలువయున్నది తెప్పించి చూడరాదు. ఫోనును సామాన్యముగా 5 దినములకు మించి ఉంచుకొనరాదు. 2024 ఆర్థిక సంవత్సరమున సుమారు 42 కోట్ల ప్రయాణికులలో 47 వేలమంది ఫోనులను కంప్యూటరులను ఇట్లు చూచిరని ఆ శాఖ లెక్కలు చెప్పుచున్నవి. లెక్కకు బహుస్వల్పము. ఆ స్వల్పములో మన బిడ్డ పడినప్పుడు అది స్వల్పము గాదు.

2023 ఆగస్టులో అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయములనుండి ఒక్కదినముననే 21 మంది భారతీయ విద్యార్థులను వెనుకకు పంపిరి. వారిలో పెక్కుమంది తెలుగువారు. వారి ఫోనులను, వాట్సాపు సంభాషణలను అధికారులు చూచిరని పత్రికలు వ్రాసినవి. అమెరికా పౌరుడు ఫోను తెఱువనన్నచో ఫోనును పట్టుకొందురు గాని వానిని దేశములోనికి రానీయక తప్పదు. విద్యార్థి వీసాతో పోయినవానికి ఆ బలము లేదు. వానిని వచ్చిన విమానమునకే త్రిప్పి పంపవచ్చును. "పార్టుటైము పని దొరకునా?" అని స్నేహితునికి వ్రాసిన ఒక వాక్యము, చదువునకు వచ్చుచున్నానన్న మాటకు విరుద్ధముగా కనబడిన చాలును. పొలము తాకట్టుపెట్టి ఇరువది ముప్పది లక్షలు కూర్చి పంపిన తండ్రికి ఆ వాక్యము విలువ యెంతయో మీరే యోచింపుడు. అబద్ధము దాచుడని నేననుట లేదు. పోవుచున్నది దేనికో అదియే మాటలోను వ్రాతలోను ఒకటిగా నుండవలెనని చెప్పుచున్నాను.

తక్కిన దేశముల సంగతి క్లుప్తముగా చెప్పెదను. బ్రిటనులో 2000 నాటి ఉగ్రవాద నిరోధచట్టపు ఏడవ షెడ్యూలు క్రింద అనుమానము లేకయే 6 గంటలవఱకు నిలిపి ప్రశ్నింపవచ్చును, పాస్‌వర్డు చెప్పనివాడు నేరస్థుడగును. న్యూజీలాండు 2018 నాటి చట్టమున అనుమానము తప్పనిసరి చేసి, చెప్పనివానికి 5 వేల డాలర్లవఱకు జరిమానా విధించినది. గల్ఫు దేశములలో ఫోనులోని వ్రాత గాని, చిత్రము గాని అచ్చటి నీతికిని ప్రభుత్వమునకును విరోధముగ తోచినచో శిక్ష ఘోరముగా నుండవచ్చును. మన వంటింటి గసగసాలు సైతము సౌదీలోను, అరబ్ ఎమిరేట్సులోను నిషిద్ధ ద్రవ్యమని తెలియక మూటలో పెట్టి పంపిన తల్లులున్నారు. ఫోను సంగతియు అట్టిదే. ఇచ్చట నవ్వులాటగా చెల్లునది అచ్చట చెల్లకపోవచ్చును.

మన దేశమున ఈ విషయమై ప్రత్యేక నియమములు వ్రాయవలెనన్న మాట సుప్రీము కోర్టువఱకు పోయినది. పత్రికావిలేఖకుల తరఫున వేసిన దావాలో 2023 నవంబరున ఆ న్యాయస్థానము, ఫోనులు కంప్యూటరులు పట్టుకొనుటకు మార్గదర్శక సూత్రములు కావలెనని కేంద్రప్రభుత్వమునకు చెప్పినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 105వ సెక్షను, పోలీసు సోదాను, పట్టుకొన్న వస్తువుల జాబితాను, సాక్షుల సంతకములను చలనచిత్రముగా తీయవలెననుచున్నది. ఇది మంచి మార్పు. ఆ చిత్రము తీయు యంత్రము సైతము సెల్‌ఫోనే యగుట ఒక వింత.

ఇంత వినిన పిమ్మట "మా పిల్లవాని ఫోనును శంషాబాదులో పట్టుకొన్నచో మేమేమి చేయవలె?" నని మీరడుగుదురు. తగవులాడుట వలన లాభము లేదు. పెనగులాడి ఫోను లాగికొనుట, దానిలోనిది చెఱిపివేయుట మఱింత కీడు. అడుగవలసినవి మాత్రము నెమ్మదిగా, మర్యాదగా అడుగవలెను. ఏ సెక్షను క్రింద చూచుచున్నారు? గెజిటెడ్ అధికారి యెదుటికి తీసికొనిపోవుదురా? పట్టుకొన్నచో పంచనామా యేది? పంచనామాలో "ఒక ఫోను" అని వ్రాసిన చాలదు. దాని తయారీదారు పేరు, వెనుకనుండు పదునైదంకెల గుఱుతు, సిమ్ము కార్డుల సంఖ్య వ్రాయింపవలెను. లోపలి సమాచారమునకు ప్రతి తీసినచో "హాష్" అను ఒక పొడవైన అంకెల వరుసను గుర్తింపవలెను. అది ఆ సమాచారమునకు వ్రేలిముద్ర వంటిది. పిమ్మట ఒక్క యక్షరము మాఱినను ఆ వరుస మాఱిపోవును. ఎవరైన తరువాత ఏదైన చేర్చినచో అది పట్టి యిచ్చును.

మఱొక సంగతి ప్లీడర్లు గూడ కొందఱు ఏమఱుదురు. 110వ సెక్షనులో రెండు దారులున్నవి. ఫోనును జప్తు చేయదగిన సరకుగా పట్టుకొన్నచో, ఆఱు నెలలలోపల నోటీసు ఈయవలెను. కమిషనరు కారణములు వ్రాసి ఇంకొక ఆఱు నెలలు పొడిగింపవచ్చును. గడువు దాటినచో తిరిగి యిచ్చివేయవలెను. విచారణకు పనికివచ్చు వస్తువుగా, అనగా మూడవ ఉపసెక్షను క్రింద, పట్టుకొన్నచో ఈ గడువు వర్తింపదు. కాని అందలి పత్రములకు అధికారి సమక్షమున ప్రతులు తీసికొను హక్కు నాల్గవ ఉపసెక్షనులో నున్నది. కావున పంచనామాపై సంతకము చేయుటకు ముందు, అది ఒకటవ ఉపసెక్షనో మూడవ ఉపసెక్షనో వ్రాయుమని కోరి, ఆ యంకె వేసిన పిమ్మటనే సంతకము చేసి, ఆ ప్రతిని ఇంటికి తెచ్చుకొనవలెను.